భుజాలు తడుముకున్న ప్రతివాడూ దొంగేనా?

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడు" అనే సామెత తెలియని తెలుగువారుండరు. బూడిద గుమ్మడికాయ మీద తెల్లటి పొడి ఉంటుంది. దాన్ని భుజాన పెట్టుకుని మోసుకుపోయినవాడికి ఆ పొడి అంటుకుంటుంది. నలుగురిలో దొంగతనం మాట రాగానే వాడి చెయ్యి వాడికి తెలియకుండానే భుజం మీదికి వెళ్లింది. నోరు దాచిన సంగతిని చెయ్యి బయటపెట్టిందన్నమాట.

మన భాషలో ఇలాంటి మాటలు చాలా ఉన్నాయి. ముఖంలో నెత్తుటి చుక్క లేదంటాం. నాలుక పిడచకట్టుకుపోయిందంటాం. గుండె గుభేలుమంది, ముచ్చెమటలు పోశాయి, కాళ్లు గజగజ వణికాయి అంటాం. ఎవరైనా ఏదో దాస్తున్నారని అనుమానం వచ్చినప్పుడు ఈ మాటలు మరీ ఎక్కువగా వినబడతాయి. ఇంట్లో చెవిదుద్దులు కనబడకపోయినా, పడవ మీద డబ్బు లెక్క తేడా వచ్చినా, పిల్లవాడు బడి ఎగ్గొట్టాడని తెలిసినా, మనం ముందుగా చూసేది ఎదుటివారి ముఖమే. "అడగ్గానే ముఖం పాలిపోయింది, ఇంకేం సాక్ష్యం కావాలి?" అని తీర్పు కూడా అప్పుడే చెప్పేస్తాం.

ఈ నమ్మకంలో సగం నిజం ఉంది. మనసులో కలిగిన ఉద్వేగాన్ని శరీరం మన అనుమతి లేకుండానే బయటపెడుతుంది. కానీ ఆ ఉద్వేగం ఎందుకు కలిగిందో మాత్రం శరీరం చెప్పదు. ఈ రెండో సంగతి మరచిపోవడం వల్ల ఇళ్లలో తగాదాలు వస్తాయి, అమాయకులకు నింద పడుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వచ్చే జబ్బును కూడా చూడకుండా వదిలేస్తాం. అందుకే ఈ విషయాన్ని కొంచెం వివరంగా తెలుసుకుందాం.

మన పూర్వులు ఈ లక్షణాలను శ్రద్ధగానే గమనించారు. భరతుని నాట్యశాస్త్రంలో ఎనిమిది సాత్త్విక భావాలున్నాయి: కొయ్యబారిపోవడం, చెమట పట్టడం, ఒళ్లు గగుర్పొడవడం, గొంతు మారిపోవడం, వణుకు, ముఖం రంగు మారడం, కన్నీరు, స్పృహ తప్పడం. కూచిపూడి నేర్చుకునే పిల్లలకు ఇవి ఇప్పటికీ పాఠమే. ఈ రోజు వైద్యవిద్యార్థులు ఉద్వేగానికి శరీరం ఇచ్చే స్పందనలని చదువుకునేవాటిలో చాలా మటుకు ఈ ఎనిమిదింటిలో ఉన్నాయి. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. భరతుడు వీటిని భావానికి గుర్తులన్నాడే గాని, అబద్ధానికి గుర్తులనలేదు. భయంతోనూ చెమట పడుతుంది, సిగ్గుతోనూ పడుతుంది. సంతోషంతో కూడా ఒళ్లు గగుర్పొడుస్తుంది.

బియ్యం నమిలించే పరీక్ష

ఊళ్లో దొంగతనం జరిగితే అనుమానం ఉన్నవాళ్లందరినీ వరుసగా కూర్చోబెట్టి, మంత్రించిన బియ్యం నమలమనేవారని మన పెద్దవాళ్లు చెప్పగా మీరు వినే ఉంటారు. నమిలి ఉమ్మిన బియ్యం తడిగా మెత్తగా ఉంటే నిర్దోషి. పొడిగా పిండిలా రాలితే దొంగ.

ఇది నిన్నమొన్నటి ఆచారం కాదు. పూర్వకాలపు ధర్మశాస్త్రాలలో సాక్షులు లేని తగవులను తేల్చడానికి 'దివ్యాలు' అనే పరీక్షలుండేవి. నిప్పు, నీరు, విషం, తక్కెడ మొదలైనవాటితో పాటు బియ్యంతో చేసే తండుల దివ్యం కూడా వాటిలో ఒకటి. కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరలో దీని వివరాలున్నాయి. దీన్ని దొంగతనం కేసుల్లోనే వాడాలన్నారు. బియ్యాన్ని దేవుడికి అభిషేకం చేసిన నీళ్లలో రాత్రంతా ఉంచి, పొద్దున్నే నమిలించి ఆకు మీద ఉమ్మించేవారు. ఉమ్మిలో నెత్తురు కనబడినా, దవడ దెబ్బతిన్నా, ఒళ్లు వణికినా అతను దోషి అని తేల్చేవారు. ఆ మితాక్షరనే 13వ శతాబ్దంలో కేతన కవి తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. తెలుగులో న్యాయశాస్త్రం అలా మొదలైంది.

ఈ పరీక్ష వెనక మహిమ ఏమీ లేదు, లాలాజలం ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి నోటిలో రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. భయం వేస్తే ఆ పల్చటి ఊట తగ్గిపోతుంది. నోరు ఎండిపోతే బియ్యం తడవదు. తడవని గింజలు చిగుళ్లకు గుచ్చుకుంటే నెత్తురు కూడా రావచ్చు. అమెరికాలో హార్వర్డు వైద్య కళాశాలలో పనిచేసిన వాల్టర్ కానన్ అనే శరీరశాస్త్రవేత్త భయం, కోపం, ఆకలి, నొప్పి సమయాల్లో శరీరంలో వచ్చే మార్పుల మీద 1915లో పుస్తకం రాశాడు. భయానికి నోరెండుతుందని చెప్పడానికి అందులో ఆయన ఇచ్చిన ఉదాహరణ మన దేశపు ఈ బియ్యం పరీక్షే.

దొంగకు మంత్రం మీద నమ్మకం ఉంటే భయపడతాడు, అతని నోరెండుతుంది. నమ్మకం లేని గట్టివాడు హాయిగా నమిలేస్తాడు. మరి ఏ పాపం తెలియని బీద మనిషి ఏమవుతాడు? ఊరంతా చుట్టూ నిలబడి చూస్తుంటే, బియ్యం తడవకపోతే ఈ నింద జన్మంతా పోదని తెలుసు. అతని నోరు దొంగ నోటికన్నా ముందే ఎండిపోతుంది. అన్ని శతాబ్దాల పాటు ఎంతమంది అమాయకులు కేవలం నోరెండినందుకు దొంగలయ్యారో ఎవరు లెక్కపెట్టారు?

ఒంట్లో జరిగేదేమిటి?

మన చెయ్యి ఎత్తమంటే ఎత్తుతుంది, దించమంటే దించుతుంది. గుండెను మెల్లగా కొట్టుకోమంటే వినదు. గుండె, రక్తనాళాలు, చెమట గ్రంథులు, పేగులు, కంటిపాప, లాలాజల గ్రంథులు మన ఆజ్ఞ కోసం చూడవు. వీటిని నడిపే నాడీవ్యవస్థ వేరే ఉంది. దాన్ని స్వయంచాలిత నాడీవ్యవస్థ అంటారు. అందులో రెండు భాగాలు. ఒకటి ఆపద వేళకు శరీరాన్ని సిద్ధం చేస్తుంది. రెండోది ఆపద గడిచాక శరీరాన్ని నెమ్మదింపజేసి, తిన్నది అరిగించే పనికి మళ్లిస్తుంది.

వేటకు వెళ్లిన పడవ కెరటానికి ఒక్కసారి ఒరిగిందనుకోండి. ఆలోచించే లోపే మొదటి భాగం పని మొదలుపెడుతుంది. మూత్రపిండాల మీద చిన్న టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం, బి.పి. పెరుగుతాయి. చర్మంలో ఉన్న రక్తం కండరాలకు మళ్లుతుంది, అందుకే ముఖం పాలిపోతుంది, చేతులు చల్లబడతాయి. కంటిపాపలు పెద్దవవుతాయి. అరుగుదల ఆ క్షణానికి అవసరం లేదు గనుక నోరెండుతుంది, కడుపులో తిప్పినట్లుంటుంది. అరచేతులలో, అరికాళ్లలో చెమట పుడుతుంది. ఒంటికి పట్టే చెమట ముఖ్యంగా ఎండవేడికి వస్తుంది గాని, అరచేతి చెమట ఎక్కువగా మనసు కంగారుకే వస్తుంది. పరీక్ష హాలులో పిల్లల చేతుల కింద జవాబు కాగితం తడిసేది ఇందుకే. గొంతు దగ్గరి కండరాలు బిగిసి స్వరం సన్నబడుతుంది.

సిగ్గుపడినప్పుడు మాత్రం తిరకాసు జరుగుతుంది. బుగ్గల్లోని రక్తనాళాలు ముడుచుకోవడానికి బదులు విప్పారతాయి, ముఖం వేడెక్కుతుంది. ఛార్లెస్ డార్విన్ 1872లో ఉద్వేగాల గురించి రాసిన పుస్తకంలో ఈ విషయానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. నల్లని ఛాయవారికి ఎరుపు కనబడకపోయినా వేడి తెలుస్తుందని పెళ్లిచూపులు జరిగిన ఏ ఇంట్లోని ఆడపిల్లైనా చెబుతుంది!

కెరటం చూసి పుట్టిన భయానికి, "నువ్వే తీశావా?" అనే ప్రశ్న విని పుట్టిన భయానికి శరీరం దగ్గర వేరువేరు మందులు లేవు. రెండింటికీ అదే అడ్రినలిన్. అబద్ధానికని ప్రత్యేకంగా ఊరే రసం గాని, కదిలే నరం గాని మనిషి శరీరంలో ఇంతవరకు ఎవరూ కనుగొనలేదు.

నిర్దోషి ఎందుకు వణుకుతాడు?

ఇంట్లో పనిచేసే అమ్మాయి ఉంది. చెవిదుద్దులు కనబడలేదు. అమ్మగారు పిలిచి అడిగారు. అమ్మాయి ముఖం పాలిపోయింది, చేతులు వణికాయి, మాట పెగల్లేదు, తల వంచుకుంది. దీని నుంచి మనకు తెలిసింది ఒక్కటే: ఆ అమ్మాయి భయపడింది. దుద్దులు తీసి దొరికిపోతానని భయపడిందా? తీయకపోయినా తన మాట ఎవరూ నమ్మరని, పని పోతుందని, పోలీసులకు అప్పజెబుతారని భయపడిందా? ముఖం చూసి ఈ రెండింటికీ తేడా చెప్పడం మీకూ నాకూ సాధ్యం కాదు. నిజానికి పేదవారికి, చిన్నవారికి, ఒంటరివారికి రెండో భయమే ఎక్కువ. పలుకుబడి ఉన్నవాడు అడిగినవాడి మీదికే కోపంగా లేస్తాడు, అతని మీద మనకు అనుమానమే రాదు.

చూపుల సంగతీ అంతే. అబద్ధం చెప్పేవాళ్లు కళ్లలోకి చూడలేరని మనం అనుకుంటాం. 2006లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశీలనలో 75 దేశాల ప్రజలను అడిగితే ఎక్కువమంది చెప్పిన గుర్తు ఇదే. అయితే పరిశోధకులు నిజంగా అబద్ధాలు చెప్పించి చూసినప్పుడు, చూపు తిప్పుకోవడానికీ అబద్ధానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. పైగా మన ప్రాంతంలో మామగారి ఎదుట, పెద్దల ఎదుట, అధికారుల ఎదుట తల దించుకుని మాట్లాడడం మర్యాద. ఆ మర్యాదనే నేరంగా లెక్కవేస్తే ఎలా?

మనిషి ముఖం, మాట చూసి అబద్ధాన్ని ఎంతవరకు పట్టగలమన్నది శాస్త్రజ్ఞులు చాలాసార్లు పరీక్షించారు. ఛార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నింటినీ కలిపి 2006లో లెక్కవేశారు. 24 వేలమందికి పైగా ఇచ్చిన తీర్పులు అందులో ఉన్నాయి. నూటికి 54 సార్లు మాత్రమే సరిగ్గా చెప్పగలిగారు. కళ్లు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తాయి కదా! ఆ లెక్కలో పోలీసులు, ఇలాంటి పనిలో ఆరితేరామనుకునేవాళ్లు కూడా మామూలు మనుషులకన్నా మెరుగ్గా చెప్పలేకపోయారు. "నాకు ముఖం చూస్తే తెలిసిపోతుందండి" అనేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వారు తప్పు పట్టిన సందర్భాలు వారికి గుర్తుండవు, అంతే.

యంత్రం పెట్టి చూస్తే?

మనిషి కన్ను పట్టలేనిది యంత్రం పడుతుందేమోనని 1921లో అమెరికాలోని బర్క్‌లీ పోలీసు శాఖలో పనిచేస్తున్న జాన్ లార్సన్ ఒక పరికరం తయారుచేశాడు. దాని వారసురాలే ఇప్పటి పాలిగ్రాఫ్. మనం లై డిటెక్టర్ అంటాం. ఛాతీకి పట్టీ కట్టి శ్వాసను, చేతికి పట్టీ వేసి బి.పి.ని, వేళ్లకు తీగలు తగిలించి చెమటను కొలుస్తారు. వేళ్లకు చెమ్మ తగిలితే చర్మం గుండా విద్యుత్తు కాస్త తేలికగా ప్రవహిస్తుంది. ప్రశ్న వేసిన కొద్ది సెకన్లలోనే ఆ తేడా గీతగా పడుతుంది. ఆలోచిస్తే ఇది కరెంటుతో పనిచేసే బియ్యం పరీక్ష. బియ్యం నోటి తడిని చూస్తే, ఇది చేతి తడిని చూస్తుంది. రెండూ చూసేది కలవరాన్నే.

అమెరికా జాతీయ శాస్త్రాల అకాడమీకి చెందిన నిపుణుల సంఘం 2003లో ప్రచురించిన నివేదికలో, ఒక నిర్దిష్టమైన నేరం గురించి అడిగినప్పుడు ఈ యంత్రం గాలివాటం కన్నా మెరుగ్గానే చెబుతుంది గాని తప్పులు లేకుండా చెప్పలేదని తేల్చింది. ఉద్యోగులందరినీ కూర్చోబెట్టి వారిలో ద్రోహులను ఏరడానికి ఇది పనికిరాదన్నది. అమెరికా గూఢచారి సంస్థలో ఉంటూ సోవియట్ రష్యాకు రహస్యాలు అమ్మిన ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లో, 1991లో రెండుసార్లు ఈ పరీక్షలో నెగ్గాడు. చివరికి 1994లో అరెస్టయ్యాడు.

మన దేశంలో ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. లై డిటెక్టర్, మత్తు ఇంజక్షను ఇచ్చి ప్రశ్నించే నార్కో పరీక్ష, బ్రెయిన్ మ్యాపింగ్ అనే మూడింటి మీద వచ్చిన సెల్వి కేసులో 2010 మే 5న తీర్పు వెలువడింది. మనిషి ఇష్టం లేకుండా ఈ పరీక్షలు చేయకూడదని, అలా చేయడం తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పుకోనక్కరలేదన్న రాజ్యాంగపు హామీకి, వ్యక్తి స్వేచ్ఛకు విరుద్ధమని ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. సమ్మతి ఇస్తే ఆ సమ్మతిని మేజిస్ట్రేటు ఎదుట నమోదు చేయాలి, వకీలుతో మాట్లాడుకునే అవకాశం ఇవ్వాలి. ఇష్టపడి చేయించుకున్నా, పరీక్షలో వచ్చిన ఫలితమే సాక్ష్యం అయిపోదు.

పోలీసులకే ఇన్ని హద్దులుంటే, ఇంట్లోనో వీధిలోనో నలుగురు కూర్చుని, ముఖం చూసి, బియ్యం నమిలించి, ప్రమాణం చేయించి ఒక మనిషిని దోషిగా నిలబెట్టే హక్కు ఎవరిచ్చారు?

అది భయం కాకపోవచ్చు, జబ్బు కావచ్చు

ఆసుపత్రి పత్రికలో ఇదంతా ఎందుకని మీకు అనిపించి ఉంటుంది. కారణం ఇది: మనం దొంగతనానికి గుర్తులనుకునే వణుకు, చెమట, గుండెదడ, తడబాటు అన్నీ జబ్బులకు కూడా గుర్తులే.

అన్నింటిలో ముఖ్యమైనది షుగరు పడిపోవడం. షుగరు మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడుతూ భోజనం ఆలస్యమైనవారిలో రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కన్నా దిగితే శరీరం అడ్రినలిన్ వదులుతుంది. చల్లని చెమట, చేతుల వణుకు, దడ వస్తాయి. ఇంకా దిగితే మాట ముద్దగా వస్తుంది, అడిగినదానికి పొంతన లేని జవాబు వస్తుంది, చూపు అటూ ఇటూ పోతుంది, కోపం కూడా రావచ్చు. పొద్దున టిఫిను తినకుండా మగ్గం ముందు కూర్చున్నవారిని, రేవులో చేపల పాట దగ్గర ఎండలో నిలబడినవారిని ఈ స్థితిలో చూసి "తాగి వచ్చాడు", "ఏదో దాస్తున్నాడు" అనుకుంటారు. స్పృహ ఉంటే ముందు మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక భోజనం పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. విచారణ తరవాత చేసుకోవచ్చు.

థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా పనిచేస్తే కూడా నెలల తరబడి చేతులు వణకడం, చెమటలు, దడ, తిన్నా చిక్కిపోవడం కనబడతాయి. అలాంటి స్త్రీని "ఈమెకేదో భయం పట్టుకుంది" అంటూ తిప్పనిచోటు ఉండదు. ఒక రక్తపరీక్షతో తేలిపోయే సంగతి. యాభై దాటిన మనిషికి ఉన్నట్టుండి చల్లని చెమటలు పోసి ఆయాసం వస్తే అది గుండెపోటు కావచ్చు. షుగరు ఉన్నవారికి ఛాతీనొప్పి లేకుండా కూడా రావచ్చు. చేలో మందు కొట్టి వచ్చిన మనిషికి చెమటలు, నోట నురగ, కంటిపాపలు సూదిమొనలా చిన్నవైతే అది పురుగుమందు ఒంటికి పట్టిన గుర్తు. భయంలో పాప పెద్దదవుతుంది, ఇక్కడ చిన్నదవుతుంది. ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు.

దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. కొందరికి ఎంత కలవరం ఉన్నా పైకి కనబడదు. బి.పి.కి, దడకు ఇచ్చే ప్రొప్రనొలాల్ లాంటి మాత్రలు వాడేవారి గుండె పరుగెత్తదు, చేతులు వణకవు. చాలా ఏళ్లుగా షుగరు ఉండి నరాలు దెబ్బతిన్నవారికి పాదాలకు చెమట పట్టదు. పార్కిన్సన్ జబ్బు ఉన్నవారి ముఖం కదలదు. "కొడుకు పోతే కంటనీరు పెట్టలేదు, రాతిగుండె" అని అలాంటి తండ్రిని ఆడిపోసుకున్నవారున్నారు. ఆయన ముఖానికి జబ్బు వచ్చింది గాని, మనసుకు కాదు.

మా దగ్గర దాచే విషయాలు

డాక్టరు ముందు కూర్చోగానే చాలామందికి బి.పి. పెరుగుతుంది. ఇంటి దగ్గర మామూలుగా ఉండి ఆసుపత్రిలో మాత్రం ఎక్కువ చూపించేవారు ఎందరో. వారేమీ దాచడం లేదు, తెల్లకోటు చూసి కంగారు. అందుకే ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, ఒకటికి రెండుసార్లు చూస్తాం.

దాచేవారు కూడా ఉంటారు. "మందు మానేశారా?" అంటే "ఆయ్, ఎప్పుడో మానేసేనండి" అని చిరునవ్వుతో చెబుతారు. చెమట లేదు, తడబాటు లేదు. ఇంట్లో పదిసార్లు చెప్పిన మాట గనుక నోటికి అలవాటైపోయి ఉంటుంది. పైన చెప్పినట్టు, ఆ ముఖం చూసి నిజం పట్టే విద్య డాక్టర్లకూ లేదు. కానీ దాని ఫలితం భయంకరంగా ఉంటుంది. రోజూ ఎక్కువగా తాగే మనిషికి హెర్నియా ఆపరేషనో, ఎముక విరిగిన ఆపరేషనో అయిందనుకోండి. ఆసుపత్రిలో సారా దొరకదు. మొదటి రోజు నుంచే వణుకు మొదలవుతుంది. రెండు మూడు రోజులకు నిద్ర ఉండదు, లేనివి కనబడతాయి, సెలైను పీకేసి పరుగెడతాడు, ఫిట్లు కూడా రావచ్చు. బంధువులు గాలి సోకిందంటారు. ముందే చెప్పి ఉంటే దీనికి మందులున్నాయి, ఇంతదాకా రాకుండా ఆపవచ్చు. భార్య, అత్తగారు, పక్కమంచం వాళ్లు వింటుండగా అడిగితే ఎవరు మాత్రం చెబుతారు? అందుచేత వార్డులో ఇలాంటివి అడిగేటప్పుడు బంధువులను కాసేపు బయట ఉండమంటే దయచేసి నొచ్చుకోకండి. రోగి కూడా "డాక్టరుగారూ, మీతో ఒక్కరితో మాట్లాడాలండి" అని అడగవచ్చు. ఎక్స్‌రేకు ముందు నెల తప్పిందేమోనని ఆడవారిని అడగడం కూడా అనుమానంతో కాదు. కడుపులో బిడ్డ ఉంటే కాపాడడానికే.

ఉద్వేగంతో సంబంధం లేకుండా నిజం చెప్పే గుర్తులు కొన్ని ఉన్నాయి, అవి మాకు ముఖం కన్నా ఎక్కువ ఉపయోగం. క్షయకు వాడే రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది. షుగరు పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి అన్నం మానేసి వచ్చినా, హెచ్‌బిఎ1సి అనే పరీక్ష గత రెండు మూడు నెలల సగటును చెప్పేస్తుంది. అయినా సరే, ఈ గుర్తులు చూసి రోగిని నిలదీయడం సరికాదని నా అభిప్రాయం. రక్తహీనత ఉంటే ఆ పరీక్ష కూడా తప్పు చూపవచ్చు. మూత్రం రంగు మారలేదంటే మాత్ర వేసుకోగానే వాంతి అవుతోందేమో, మాత్రలు అయిపోయి తెచ్చుకునే వీలు లేదేమో. "ఎందుకు అబద్ధం చెప్పావు?" అంటే రోగి మళ్లీ రాడు. "మాత్రలు వేసుకోవడం కష్టంగా ఉందా?" అంటే చెబుతాడు.

పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఎలుకల కోసం రొట్టె ముక్కకు పేస్టు రాసి మూల పెడతారు. నాలుగైదేళ్ల పిల్లవాడు అది నోట్లో పెట్టుకుంటాడు. "ఏరా, తిన్నావా? తింటే చంపేస్తాను" అని తల్లి అరుస్తుంది. వాడు తిన్నా తినలేదంటాడు. ఏడవకుండా, వణకకుండా ఆడుకుంటూ ఉంటే వాడి మాట నిజమనుకుంటారు. పసుపు భాస్వరం ఉండే ఎలుకల పేస్టు తిన్నవారు మొదట ఒకటి రెండు వాంతులు చేసుకుని, లేదా అదీ లేకుండా, ఒకటి రెండు రోజులు మామూలుగానే కనబడవచ్చు. ఆ తరవాత కళ్లు పచ్చబడి కాలేయం దెబ్బతింటుంది. అప్పుడు తీసుకువస్తే మా చేతుల్లో పెద్దగా ఏమీ ఉండదు. అందుకని పిల్లవాడి ముఖం చూడకండి, రొట్టె ముక్క ఉందా లేదా చూడండి. "నిన్ను కొట్టను నాన్నా, ఎంత తిన్నావో చూపించు" అని మెల్లగా అడగండి. తినలేదన్నా, అనుమానం ఉంటే ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నాలు చేయకుండా, ఆ పేస్టు ట్యూబు, మిగిలిన ముక్క చేతిలో పట్టుకుని, రాత్రైనా పగలైనా వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి. దూరమైతే 108కి ఫోను చేయండి.